నాన్న చేతి కమాను పట్టీ

మా అల్లుడి కారుకి కిందటి నెల ముందు చక్రం దగ్గర ఏదో విరిగింది. విశాఖపట్నంలో ఇప్పుడు వాళ్ళ దగ్గరే ఉంటున్నాను కనక, పనిలేని ముసలిదాన్ని కనక, నేనూ వర్కుషాపుకి బయల్దేరాను. దాన్ని వర్కుషాపు అనకూడదట, సర్వీస్ సెంటర్ అనాలట. చల్లటి గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. టై కట్టుకున్న ఒకాయన వచ్చి పలకలాంటి దాని మీద వేలితో రాసి రాసి బొమ్మలు చూపించాడు. "ఎందుకు విరిగింది బాబూ?" అని అడిగాను. నన్ను వింతగా చూశాడు. "ఎందుకో మాకు తెలీదు మేడమ్. విరిగితే మార్చేస్తాం. అయినా బండికి వయసైపోయింది, స్క్రాప్‌కి ఇచ్చేసి కొత్తది తీసుకోవడం బెటర్" అన్నాడు. అల్లుడు అక్కడికక్కడే సరే అనేశాడు. నా కాఫీ ఇంకా సగం కూడా అవలేదు. ఒళ్ళు మండిపోయింది నాకు. ఇంటికొచ్చి చెప్పులు విసురుగా విడిచాను. "పాత కారు పోతే నీకెందుకమ్మా అంత బాధ?" అంది మా అమ్మాయి. కారు పోయినందుకు కాదే తల్లీ, అదెందుకు విరిగిందని ఒక్కరికీ అక్కర్లేకపోయినందుకు, అన్నాను. దానికి అర్థం కాలేదు, కూర తరుక్కోవడానికి లేచి వెళ్ళిపోయింది.

మా చిన్నప్పుడు జంషెడ్‌పూర్‌లో, సిద్ధగోరా క్వార్టర్‌లో, సరిగ్గా ఈ ప్రశ్నే మా ఇంట్లో రెండు వారాలు నలిగింది. బాగు చేయించాలా, తుక్కుకి ఇచ్చేయాలా అని పెద్దవాళ్ళు పైకి మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఎందుకు విరిగిందో తెలిసిన మనిషి మాత్రం కిమ్మనలేదు. ఆయన మా నాన్న. ఆయన అలా ఊరుకున్నందువల్ల మా అమ్మ చేతిలోంచి స్టీరింగు శాశ్వతంగా పోబోయింది. నాన్న పోయి పదకొండేళ్ళయింది, అమ్మ పోయి రెండేళ్ళు. ఇద్దరూ లేరు కాబట్టి ఇప్పుడు రాయొచ్చు. ఉన్నా అమ్మ ఏమీ అనుకునేది కాదు, నాన్నే పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు.

మాది టెక్కలి దగ్గర ఊరు. నాన్న ఉద్యోగం మాత్రం మొదట్నుంచీ జంషెడ్‌పూర్‌లోనే, కార్ఖానాలో హీట్ ట్రీట్‌మెంట్ షాపు ఫోర్మన్. ఉక్కుని ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, మళ్ళీ కాస్త వేడిచేసి దానికి పదును పెట్టడం ఆయన పని. ఉలులు, అచ్చులు, కోత పనిముట్లు — ఇవే జీవితమంతా. ఆ మాడిన నూనె వాసన నాన్న బట్టల్లోంచి, జుట్టులోంచి, చివరికి ఆయన పడుకున్న తలగడలోంచి కూడా పోయేది కాదు. పొద్దున్నే కార్ఖానా భోంపూ కూస్తే ఊరంతా గడియారాలు సరిచేసుకునేది. నాన్న సైకిలెక్కేవాడు. మధ్యాహ్నం రెండుగంటల భోంపూకి అమ్మ బొగ్గుల పొయ్యి మీద మళ్ళీ అన్నం వార్చేది, నాన్నకి వేడన్నం తప్ప దిగదు. సాయంత్రం అయ్యేసరికి వీధి వీధంతా బొగ్గుల పొయ్యిలు రాజేసేవారు. పొగ నేల మీదే పాకుతూ ఉండేది, దాంట్లోంచి ఒకింటి ఆవనూనె, ఒకింటి ఎండుచేపలు, మా ఇంటి ఇంగువ పోపు. బయట హిందీ, లోపల తెలుగు. అమ్మ తెలుగులో పిలిస్తే, వస్తున్నా అనకుండా నేను "ఆ రహీ హూఁ" అని జవాబిచ్చేదాన్ని. నాయనమ్మకి అది వినపడితే చాలు, "ఏ దేశంలో పుట్టిందర్రా ఇది!" అని నెత్తి కొట్టుకునేది.

ఇక కారు. అది విలాయతీ బండి. రిటైరై ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఒక పార్సీ ఆఫీసరు దగ్గర నాన్న తీసుకున్నాడు. దాన్ని తయారు చేసినవాళ్ళు ఆ దేశంలోనే దుకాణం కట్టేశారని, ఇక దానికి సామాన్లు ఎక్కడా దొరకవని, కొన్నాక తెలిసింది. నల్లటి ఒళ్ళు, ఎర్రటి తోలు సీట్లు, ముందు సీటు బల్లలాగా ఒకటే, ముగ్గురు సర్దుకుని కూచోవచ్చు. చలికాలంలో ముందు రంధ్రంలో కమ్మీ పెట్టి తిప్పితే గాని లేచేది కాదు. ఇంట్లో అందరికన్నా దాన్ని ఎక్కువ వాడుకున్నది నాయనమ్మ. ఆవిడకి అడ్డపొగ అలవాటు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం మా వైపు ముసలమ్మలకి మామూలే, కానీ ఇంట్లో పొగ వాసన అమ్మ ఒప్పుకునేది కాదు. అందుకని మధ్యాహ్నం భోజనం అవగానే నాయనమ్మ వెళ్ళి కారు వెనక సీట్లో కూర్చుని, అద్దం రెండు వేళ్ళు దించి, ఒక గంట పీల్చుకుని వచ్చేది. చూసిన బీహారీ పక్కింటివాళ్ళు "మాతాజీ కహీఁ జా రహీ హైఁ?" అని అడిగేవారు. "ఎక్కడికీ లేదురా బాబూ, ఇక్కడికే" అనేది తెలుగులోనే. పెట్రోలు, తోలు, చుట్ట కలిసిన ఆ వాసన నాకిప్పటికీ ఎక్కడైనా తగిలితే కాళ్ళు ఆగిపోతాయి.

అమ్మకి డ్రైవింగు నేర్పింది నాన్నే. ఇంట్లో ఉప్పు తక్కువైతే అరిచే మనిషి, బండిలో ఎంత నెమ్మదో! ఆదివారం పొద్దున్న జూబిలీ పార్కు పక్క రోడ్ల మీద ఇద్దరూ ముందు, నేనూ నాయనమ్మా వెనక. అమ్మ గేరు వేయబోతే బండి గర్రుమనేది. "పర్లేదు పర్లేదు, మళ్ళీ చెయ్యి" అనేవాడు. నాయనమ్మ మాత్రం ప్రతి మలుపులో "ఓలమ్మో, నన్ను దించేయండర్రా" అని కేకలు. నాలుగు నెలలు అలా తిరిగాక అమ్మకి లైసెన్సు వచ్చింది. ఆ రోజు అమ్మ ముఖం నేను ఎన్నడూ మరిచిపోలేను. పదో క్లాసు మధ్యలో మానిపించి పెళ్ళి చేశారు ఆవిడకి. ఆ తర్వాత పరీక్ష అంటూ పాసవడం అదే.

మా వీధిలో తెలుగువాళ్ళ ఇళ్ళు ఏడో ఎనిమిదో ఉండేవి. బండి నడిపే ఆడమనిషి అమ్మ ఒక్కతే. కొందరు ముక్కున వేలేసుకున్నారు. కొందరు నవ్వుతూనే వచ్చి "మా పిల్లకి జ్వరం, ఆస్పత్రి దాకా దింపుతారా?" అని అడిగేవాళ్ళు. నాన్న షిఫ్టులో ఉంటే నాయనమ్మ కళ్ళ డాక్టరు దగ్గరికి అమ్మే తీసుకెళ్ళేది. నెలకి రెండుసార్లు సువర్ణరేఖ నది దాటి, అవతల మాంగో పేటలో పిన్ని ఇంటికి వెళ్ళేవాళ్ళం. చీర కొంగు బొడ్లో దోపి, చెప్పులు విడిచి, ఒట్టి కాళ్ళతో పెడల్ తొక్కేది. అవసరానికి నడిపేదని చెప్పడం అబద్ధం. అమ్మకి నడపడం ఇష్టం. ఇంట్లో పదిమాటలకి ఒక మాట మాట్లాడే మనిషి, స్టీరింగు ముందు కూర్చుంటే దారి పొడుగునా కబుర్లు చెప్పేది.

అలాంటి బండికి ఒక ఎండాకాలం వెనక ఎడమ చక్రం మీద కమాను విరిగింది. కమానంటే తెలీనివాళ్ళకి చెప్తాను — చక్రానికి పైన, బండి బరువంతా మోసే ఉక్కు పట్టీల కట్ట. బండి ఎగిరిపడ్డప్పుడల్లా వంగి, మళ్ళీ లేస్తుంది. పాతబడి, తుప్పుపట్టి, అందులో పెద్ద పట్టీ విరిగింది. అప్పటికి ఎవరి తప్పూ లేదు. మాంగో వంతెన అవతల షెడ్డులో యూసుఫ్ మిస్త్రీ అని ఒకాయన ఉండేవాడు. ఎప్పుడూ మా బండి చూసేది ఆయనే. "సాబ్, ట్రక్కు పట్టా కోసి వేసేస్తా, రెండు రోజుల పని" అన్నాడు. నాన్నకి అది నచ్చలేదు.

"ట్రక్కు ముక్కేటి, మన బండికి?" అన్నాడు ఆ సాయంత్రం అప్పారావు మావయ్యతో. అప్పారావు మావయ్య మాకు చుట్టం కాదు, పక్క లైన్లో ఉండే రోలింగ్ మిల్లు మనిషి. అమ్మని చెల్లెమ్మా అనీ, నాన్నని బావా అనీ పిలిచేవాడు. "ఉక్కు ఊళ్ళో ఉండి, ఉక్కు పని చేత్తూ, ఒక పట్టీ కోసం మాంగో షెడ్డుకి పరిగెడతామేటి? నేను చేత్తాను. ఈ జన్మలో మళ్ళీ విరగదు."

"అదీ మాట! నీ చేతి పట్టీ అంటే బండి పోయినా పట్టీ ఉంటాది బావా," అని మావయ్య ఎగదోశాడు. అమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. "మిస్త్రీకి రోజూ అదే పని కదండీ, ఆయన్నే చెయ్యనిద్దురూ" అంది నెమ్మదిగా. నాన్న నవ్వేసి ఊరుకున్నాడు.

ఆదిత్యపూర్‌లో ఒక చిన్న కార్ఖానాలో మావయ్యకి తెలిసినవాళ్ళు ఉండేవారు. ఆదివారం కొలిమి ఖాళీగా ఉంటుందని ఇద్దరూ వెళ్ళారు, నేనూ వెంటపడ్డాను. ఖర్కాయ్ నది దాటితే చాలు, వరసగా రేకుల షెడ్లు. లోపల ఎండ కన్నా ఎక్కువ వేడి. నాన్న మంచి ఉక్కు పట్టీ ఏరి, కాల్చి, వంపు తిప్పి, నూనెలో ముంచాడు. భుస్సుమని మంట లేచింది. తర్వాత దాన్ని ఆకురాయితో మెరిసేలా రుద్ది మళ్ళీ సన్నసెగ మీద పెట్టాడు. "చూడు బుజ్జీ, ఇప్పుడు రంగులొత్తాయి" అన్నాడు. నిజంగానే మెరిసే ఉక్కు మీద ముందు ఎండుగడ్డి రంగు పాకింది. ఇంకా ఉంచితే గోధుమ రంగు, ఊదా, తర్వాత నీలం వస్తాయట. రంగు మారిన కొద్దీ ఉక్కు గట్టిదనం తగ్గి, వంగే గుణం వస్తుందట. నాన్న గడ్డి రంగు రాగానే పట్టకారుతో లాగేసి పక్కన పెట్టాడు. ఇరవయ్యేళ్ళుగా ఆయన చేయి అక్కడే లాగడానికి అలవాటు పడింది. ఉలికీ, అచ్చుకీ అదే సరైన రంగు. కమానుకి నీలం వచ్చేదాకా ఆగాలి. ఆ సంగతి ఆయనకి తెలీక కాదు. గట్టిగా ఉండాలి, విరక్కూడదు అన్న పట్టుదలలో చేయి దాని అలవాటు అది చేసేసింది. సుత్తితో కొడితే గంటలా మోగింది. మావయ్య "వాహ్" అన్నాడు. నాకు మా నాన్నంత గొప్పవాడు లేడనిపించింది.

నాన్నే బిగించిన ఆ పట్టీతో మూడు వారాలు బండి చక్కగా తిరిగింది, కాస్త ఎక్కువ ఎగిరేదంతే. ఆ రోజు పిన్ని ఇంటి నుంచి వస్తున్నాం. మాంగో బజారు దాటి, వంతెన ఇంకో వంద గజాలుందనగా, రోడ్డులో ఒక చిన్న గుంత. అమ్మ చూసింది, నెమ్మది కూడా చేసింది. నేను పక్కనే కూర్చున్నాను కాబట్టి ఒట్టేసి చెప్పగలను. అయినా 'ఠక్'మని తుపాకీ పేలినట్టు చప్పుడు వచ్చి బండి ఎడమవైపు కూలబడింది. నాయనమ్మ "సచ్చిపోయామర్రో!" అని అరిచింది. రెండు నిమిషాల్లో చుట్టూ జనం. వెనక బస్సువాడు హారను మీదనుంచి చెయ్యి తీయడు. రిక్షావాళ్ళు ఒకరినొకరు పొడుచుకుని "అరే, ఔరత్ చలా రహీ థీ!" అని, ఆడది నడిపిందని, నవ్వుతున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. భూమి నోరు తెరిస్తే అందులోకి దూకేసేదాన్ని. యూసుఫ్ మిస్త్రీ షెడ్డు దగ్గరే కాబట్టి ఎవరో చెప్తే పరిగెత్తుకొచ్చాడు. బండి కింద దూరి, విరిగిన పట్టీ ముక్క ఊడదీసి, బయటికొచ్చి దాన్ని ఎండకి తిప్పి అమ్మకి ఏదో చూపిస్తూ మాట్లాడుతున్నాడు. నేనది వినే స్థితిలో లేను. తల వంచుకుని నాయనమ్మ చెయ్యి పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డాను.

కబురు తెలిసి నాన్న, అప్పారావు మావయ్య సైకిళ్ళ మీద వచ్చేసరికి మిస్త్రీ విరిగిన కమాను బదులు చక్రం మీద ఒక చెక్కదిమ్మ పెట్టి తాడుతో బిగించేశాడు. నాన్న విరిగిన ముక్క చేతిలోకి తీసుకున్నాడు. విరిగిన చోటు పంచదార పలుకుల్లా తళతళలాడుతోంది. ఉక్కు పదును మితిమీరితే అలాగే విరుగుతుంది. ఆయనకది చూడగానే తెలిసిపోయింది. ముఖం నల్లబడిపోవడం నేను చూశాను. బండి పాడైందని బాధ అనుకున్నాను. అంతలో అప్పారావు మావయ్య, చెడ్డ మనిషేమీ కాదు, నోరూరుకోక, "ఏటి చెల్లెమ్మా, గుంత చూసుకోలేదేటి?" అన్నాడు. అందరూ వింటుండగా అన్నాడు. అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న ముక్కని జేబురుమాల్లో చుట్టి సంచిలో వేసుకుని, "పదండి, ఇంటికెల్దాం" అన్నాడు. అంతే అన్నాడు. "రేపే వేరే పట్టా వేసేస్తా సాబ్" అని మిస్త్రీ వెనకాల అంటున్నా వినిపించుకోకుండా తనే బండి నడుపుకుని ఇంటికి తెచ్చేశాడు.

మర్నాటికి సిద్ధగోరా తెలుగు ఇళ్ళన్నీ తీర్పు చెప్పేశాయి. ఆడదాని చేతికి బండి ఇస్తే ఇంతే మరి అన్నారు. కుళాయి దగ్గర, కిరోసిన్ లైన్లో, పేరంటంలో అదే మాట. అమ్మ తాళంచెవి తీసుకెళ్ళి దేవుడి గూట్లో పెట్టేసి మళ్ళీ ముట్టుకోలేదు. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. నాలుగు రోజులు పోయాక నాన్న అన్నం తింటూ తల ఎత్తకుండా, "బండి తుక్కుకి ఇచ్చేద్దాం. స్కూటరుకి అర్జీ పెడతాను. ఇంక దీనితో వేగలేం" అన్నాడు. "మీ ఇష్టం" అంది అమ్మ. నాయనమ్మ ఊరుకోలేదు. "నా సుట్టెక్కడ కాల్సుకోమంతావురా?" అని కొడుకు మీద లేచింది. ఆ ఇంట్లో బండి తరఫున గట్టిగా మాట్లాడింది ఆవిడొక్కతే.

మా ఊళ్ళో తుక్కంటే మిగతా ఊళ్ళలో లాగా కాదు. తుక్కు కార్ఖానాకే వెళ్తుంది, కొలిమిలో కరిగి మళ్ళీ ఉక్కయి వస్తుంది. మన బండి రైలు పట్టా అవుతుందేమో, మేకులవుతుందేమో అని వీధి పిల్లలం పందాలు వేసుకున్నాం కూడా. సిగ్గుపడుతూ చెప్తున్నాను, నాకు స్కూటరు వస్తుందని సంతోషంగానే ఉంది. స్కూల్లో అడిగిన వాళ్ళందరికీ మా అమ్మ బండిని గుంతలో పడేసిందని చెప్పాను. నవ్వుతూ చెప్పాను. గుంత దగ్గర అమ్మ నెమ్మది చేసిందని నా కళ్ళతో చూసి కూడా, పెద్దవాళ్ళంతా అంటున్నారు కదా, అదే నిజమనుకున్నాను. ఇంట్లో అమ్మ అప్పడాలు ఒత్తేది, ఉప్పు మిరపకాయలు ఎండబెట్టేది, నాన్న బట్టల నూనె మరకలకి సోడా వేసి నానబెట్టేది. అన్నీ మామూలుగానే చేసేది. కబుర్లు మాత్రం ఆగిపోయాయి. నాన్న ఇంట్లో ఉన్నంతసేపూ పేపరు తిరగేస్తూనే ఉండేవాడు. కంచంలో ఉప్పు తక్కువైనా అరవలేదు. రెండు వారాలు అలా గడిచాయి.

రెండో ఆదివారం పొద్దున్న పాత ఇనుము కొనే ఆయన ఆదిత్యపూర్ నుంచి ఇద్దరు మనుషుల్ని, ఒక టెంపోని వేసుకుని వచ్చాడు. వీధిలో సగం మంది చూడ్డానికి వచ్చేశారు. నాయనమ్మ వెళ్ళి కారు వెనక సీట్లో కూర్చుంది, దిగనంటే దిగనంది. ఆయన బండి చుట్టూ తిరిగి, బానెట్ ఎత్తి, ఇంజను చూసి ఆశ్చర్యపోయాడు. "ఇంజన్ తో ఏకదమ్ బఢియా హై. క్యోఁ కటవా రహే హైఁ?" అన్నాడు. ఇంత మంచి ఇంజన్ని ఎందుకు కోయిస్తున్నారని. అందరికన్నా ముందు నేను ఎగురుకుంటూ చెప్పాను, "అమ్మా నే గాడీ గడ్ఢే మేఁ గిరా దీ!" అని, స్కూల్లో చెప్పిన ఆ గుంత మాటే. నలుగురూ నవ్వారు. అమ్మ గుమ్మంలోనే ఉంది. నా వైపు ఒక్క చూపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

నాన్న నన్నే చూస్తూ నిలబడిపోయాడు. కొడతాడనుకుని రెండడుగులు వెనక్కి వేశాను. కొట్టలేదు. లోపలికి వెళ్ళి తన కార్ఖానా సంచి తెచ్చాడు. అందులోంచి జేబురుమాల్లో చుట్టిన ముక్క తీసి, ఇనుము కొనే ఆయనకి కాదు, అప్పారావు మావయ్యకి ఇచ్చాడు.

"చూడరా ఇది. గుంతకి విరిగిందా?"

మావయ్య తిప్పి తిప్పి చూశాడు. ఆయనా ఉక్కు మనిషే కదా. విరిగిన పలుకుల మీద బొటనవేలు పెట్టి రాశాడు.

"నీలం దాకా ఆగలేదు నేను. గడ్డి రంగులో తీసేశాను," అన్నాడు నాన్న. "గుంత లేకపోయినా విరుగును. నా చేతిలోనే విరుగును. తప్పు నాది. రెండు వారాల్నుంచి నాకు తెలుసు. మీరంతా దాన్నంటుంటే నేను నోరు మూసుక్కూచున్నాను." తర్వాత వీధివాళ్ళకి కూడా అర్థమయ్యేలా హిందీలో అదే చెప్పాడు, "మేరీ గల్తీ హై. ఇన్‌కీ నహీఁ." నాన్న అంతమంది ముందు అంతసేపు మాట్లాడ్డం నేనప్పుడే చూశాను. ఇనుము కొనే ఆయన బానెట్ నెమ్మదిగా మూసి, టెంపో తిప్పుకుని వెళ్ళిపోయాడు. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను. స్కూల్లో నవ్వుతూ చెప్పిన ప్రతి ముఖమూ నాకు గుర్తొచ్చింది.

నాన్న వంటింట్లోకి వెళ్ళాడు. వెనకాల నేను. అమ్మ మినపరొట్టె వేస్తోంది, మూకుడు మీద మూత, మూత మీద నిప్పులు. ఈయన తలుపు పట్టుకుని నిలబడి, "విన్నావా?" అన్నాడు.

"విన్నాను."

"ముందే చెప్పాల్సింది. నీతో అయినా చెప్పాల్సింది."

"నాకు తెలుసు," అంది అమ్మ, నిప్పులు సర్దుతూ. "ఆ రోజే మిస్త్రీ చూపించేడు. పంచదారలాగుంది మేడమ్, ఇది సాబ్ చేసిందే కదా, మీ తప్పేటీ లేదు అన్నాడు."

నాన్న గడప దాటి పొయ్యి దాకా వచ్చాడు. "తెలిసీ... మరి చెప్పవేటే? అందరూ అన్ని మాటలంటుంటే పడి ఊరుకున్నావా?"

"మీరు చెప్తారని చూసేను." అమ్మ పట్టకారు కింద పెట్టేసింది. "రోజూ చూసేను. ఇవాళ చెప్తారు, రేపు చెప్తారు అని. బండి పోతే పోనీ అనుకున్నాను. మీరు చెప్పకుండానే అది ఎల్లిపోతాదేమో అని పొద్దున్నించీ గుమ్మం పట్టుకునే నిలబడ్డాను." కొంగుతో ముఖం తుడుచుకుని, రొట్టె తిరగేసింది. అడుగు మాడింది. ఆ మాడిన రొట్టే అందరం తిన్నాం.

ఆ బండి తర్వాత చాలా ఏళ్ళు తిరిగింది. నాకు పెళ్ళయి నేను వచ్చేశాక, ఇంజను నిజంగా అయిపోయిందని మిస్త్రీ చెప్తే, అమ్మే దగ్గరుండి దాన్ని తుక్కుకి పంపించింది. ఇప్పుడు మనం ఎంత త్వరగా మార్చేస్తున్నామో చూస్తుంటే నాకు భయం వేస్తుంది. సుఖంగానే ఉంది, కాదనను. ఎవరూ ఎండలో కమ్మీ తిప్పక్కర్లేదు. కానీ విరిగినదాన్ని ఎవరూ చేతిలోకి తీసుకుని చూడరు. చూడనప్పుడు తప్పు ఎవరిదో తెలీదు. తెలీనప్పుడు ఒప్పుకోవాల్సిన పనీ లేదు.

ఆ ఆదివారమే, భోజనాలయ్యాక, నాన్న దేవుడి గూట్లోంచి తాళంచెవి తీసి అమ్మకి ఇచ్చాడు. "మిస్త్రీ దగ్గరికి ఎల్దాం. నువ్వే నడుపు." అమ్మ తీసుకుంది. కొంగు బొడ్లో దోపి, చెప్పులు విడిచింది. చెక్కదిమ్మ మీద బరువు పడకూడదని అమ్మా, నాన్నా, నేనూ ముగ్గురం ముందు సీట్లోనే ఇరుక్కున్నాం. మనిషి నడిచేంత వేగంతో సిద్ధగోరా వీధంతా దాటింది. ప్రతి గుమ్మంలోనూ ఒక తల. వంతెన మొదట్లోకి వచ్చేసరికి అమ్మ బండి ఆపేసింది.

"వంతెన మీద అతుకులున్నాయి. బరువెక్కువైంది. ఒకళ్ళు దిగాలి," అంది.

నేను తలుపు తీయబోయాను. "నువ్వు కాదు," అంది అమ్మ.

నాన్న దిగాడు. వెనక చక్రం పక్కన, చెక్కదిమ్మ కదిలిపోకుండా చూసుకుంటూ, బండితోపాటు నడవడం మొదలుపెట్టాడు. ఎండ చుర్రుమంటోంది. కింద సువర్ణరేఖలో నీళ్ళు తక్కువ, రాళ్ళన్నీ బయటికొచ్చి ఉన్నాయి. ఎదురొచ్చే సైకిలువాళ్ళు ఆగి, ఆడమనిషి నడుపుతున్న బండినీ, పక్కన నడుస్తున్న మగమనిషినీ చూసి, "క్యా హువా బాబూ?" అని అడుగుతున్నారు. నేను అద్దం దించి వింటున్నాను. "పట్టా టూట్ గయా. మైఁనే బనాయా థా, గలత్ బనాయా," అని, పట్టీ నేనే చేశాను, తప్పుగా చేశానని, చెప్పాడు నాన్న మొదటివాడికి. రెండో మనిషి అడిగితే మళ్ళీ అదే చెప్పాడు. బుట్టలో కూరగాయలు పెట్టుకుని వస్తున్న ముసలామె అడిగింది, ఆమెకీ చెప్పాడు. రిక్షా ఆపి ఇద్దరు అడిగారు, వాళ్ళిద్దరికీ వేరువేరుగా చెప్పాడు. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. ఒక్కసారి కూడా తల దించుకోలేదు. అమ్మ ముందుకే చూస్తూ, కళ్ళ నీళ్ళు తుడుచుకోకుండా, నడుపుతోంది.

వంతెన అవతలి కొసకి వచ్చేసరికి ఎదురుగా మళ్ళీ ఎవరో ఆగి, నోరు తెరవబోతున్నారు. అమ్మ బ్రేకు వేసి, నా మీదుగా వంగి తలుపు తెరిచింది.

"ఇంక చాల్లెండి," అంది. "ఎక్కండి."